ఆపు అంటే ఏది ఆపాలి?

కిందటి వారం ఈ పేజీ చూడనివాళ్ళు కంగారు పడనక్కర్లేదు. కథ ఎంతో దూరం పోలేదు, భోజనాల బల్ల దగ్గరే అలిగి కూర్చుంది. ఎనిమిది నెలలు కష్టపడి వదిన గీసి పంపిన కంప్యూటర్ తెరలన్నిటి మీదా మరిది ఒకే ఒక్క మాట రాసి పక్కన పడేశాడు. ఆ మాట ‘అలంకారం’. దాంతో వదిన భోజనం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. అన్నయ్య తమ్ముడితో మాటలు మానేశాడు. తమ్ముడు మాత్రం కంచం ఖాళీ చేసి, కడిగి, బోర్లించి మరీ వెళ్ళాడు. అతని మొండితనం కూడా అంత శుభ్రంగా ఉంటుంది.

ఆ ఇంట్లో గొడవ వాటాల గురించి కాదు, ‘వేళ’ అనే ప్రోగ్రాం గురించి. ఏ రోగికి ఏ మందు ఎన్నింటికి వెయ్యాలో గంట కొట్టి గుర్తుచేసే ప్రోగ్రాం అది. ఓపెన్ సోర్స్ కనక ఉచితం. లోపలి కోడ్ ఎవరైనా చదవొచ్చు, బాగుచేసి పంపొచ్చు. మన భాషలో దాన్ని వాడుతున్న చిన్న ఆసుపత్రులే రెండు వందల పైచిలుకు ఉన్నాయి. ఆరేళ్ళ కిందట దాన్ని మొదలుపెట్టింది మరిది. ఎవరు ఏ మార్పు పంపినా అతను సరే అంటేనే లోపలికి వెళ్తుంది. అందుకే తోటి డెవలపర్లు అతన్ని ‘గేటు’ అంటారు. మొహం మీదే అంటారు. ఆ పేరంటే అతనికి లోలోపల కాస్త గర్వమే అని నా అనుమానం.

వదిన డిజైనర్. మందుల డబ్బాల మీద, బిళ్ళల రేకుల మీద అక్షరం ఎంత ఉండాలో, ఎక్కడ ఉండాలో పధ్నాలుగేళ్ళు ఒక ప్రెస్సులో కూర్చుని తేల్చిన మనిషి. ప్రాజెక్టులో కూడా ఆమెని అందరూ వదిన అనే అంటారు. తప్పు మరిదిదే. మూడేళ్ళ కిందట, ప్రపంచమంతా చదివే చర్చలో, ఇంట్లో ఉన్నాననుకుని ‘వదినా, ఇది తర్వాత చూద్దాం’ అని రాసేశాడు. మన భాష రాని వాలంటీర్లు అది డిజైనర్లలో ఏదో పెద్ద హోదా అనుకున్నారు. ఇక అక్కణ్ణించి అన్ని ఖండాలవాళ్ళకీ ఆమె వదినే. ఇంకో ప్రాజెక్టు నడిపే ఒకావిడైతే, మాకు వదిన లేరు, ఆ పోస్టుకి ఏం చదివి ఉండాలి అని కూడా అడిగింది.

ఇప్పుడు అసలు చిక్కు. ఓపెన్ సోర్స్‌లో పొసగనివాళ్ళు మొత్తం కోడ్ కాపీ చేసుకుని తమ దారిన తాము నడుపుకోవచ్చు. వాళ్ళ భాషలో దాన్ని ఫోర్క్ అంటారు, మన భాషలో వేరు కాపురం. ఇరవై ముగ్గురు వాలంటీర్లు వదిన వెంట నడవడానికి సిద్ధంగా ఉన్నారు. ఆమెకే మనసొప్పడం లేదు. ఇల్లు రెండైతే ఆసుపత్రులవాళ్ళు ఏ తలుపు తట్టాలో తెలీక నలిగిపోతారని ఆమె బాధ. శుక్రవారం కొత్త వెర్షన్ విడుదల. అందుకని మరిదికి ఒకే షరతు పెట్టింది. బుధవారం పొద్దున ఒక్క గంటసేపు నాతో వచ్చి ఆసుపత్రి వార్డులో కూర్చో. ఆ గంట తర్వాత కూడా ‘అలంకారం’ అంటే నా దారి నాది.

మరిది సరే అన్నాడు. అక్కడే ఆపాను. ఇవాళ బుధవారం.

*

మగవాళ్ళ వార్డులో పన్నెండు మంచాలు. గోడలకి సగం దాకా లేత ఆకుపచ్చ రంగు, ఆ పైన సున్నం. మధ్యలో చక్రాల బల్ల, దాని మీద మందుల ట్రే, ట్రే పక్కన అంచు పగిలి టేపు వేసుకున్న ట్యాబ్. ఆ ట్యాబ్‌లోనే ‘వేళ’ నడుస్తోంది. బల్లని తోస్తున్నది హెడ్ నర్సు. అందరూ సిస్టర్ అంటారు.

“కూర్చో,” అంది వదిన మూలనున్న స్టూలు చూపించి. “చేతులు మోకాళ్ళ మీద. ఈ గంటసేపు నీకు నోరు లేదు.”

“ఆవిడ ఏదైనా అడిగితే?”

“అడగదు. నువ్వెవరో ఆవిడకి తెలీదు. మా ఇంటి మనిషి, ఊరికే చూడ్డానికొచ్చాడు అని చెప్పాను.”

“అబద్ధం చెప్పావన్నమాట.”

“ఏం, ఇంటి మనిషివి కాదా? మొన్నటి నించీ నాకూ అనుమానంగానే ఉందనుకో.”

అతను నోరు తెరవబోయి, షరతు గుర్తొచ్చి మూసుకున్నాడు.

వదిన పనిచేసే పద్ధతే ఇది. చూడటం. అడగదు, నేర్పదు, సాయం చెయ్యదు. ఎదుటి మనిషి ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్ళిందో, ఎక్కడ నిట్టూర్చిందో చిన్న పుస్తకంలో ఒక్కో గీత గీసుకుంటుంది. వింటే ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. మీ పక్కింటాయన తాళం చెవిని రివర్సులో తిప్పుతుంటే అయిదు నిమిషాలు నోరు మెదపకుండా నిలబడి చూడండి, అప్పుడు తెలుస్తుంది ఎంత కష్టమో. ఈ వార్డులోనే ఆమె పదకొండు రోజులు అలా కూర్చుంది. ఎనిమిది నెలల గీతలు ఆ పదకొండు రోజుల్లోంచి వచ్చినవే.

మరిదికి పది నిమిషాలకే ప్రాణం పోయినంత పనైంది. తను రాసిన ప్రోగ్రాంని ఒక నర్సు వాడుతుండగా అతను చూడటం ఆరేళ్ళలో ఇదే మొదలు. సిస్టర్ మూడో మంచం దగ్గర వివరాలు చూడటానికి తెర మూడుసార్లు పైకీ కిందకీ జరిపింది. పక్కకి ఒక్కసారి తోస్తే వచ్చేస్తుంది. ఆ సంగతి అతనికి తెలుసు, ఆవిడకి తెలీదు. నాలుగో మంచానికి వెళ్ళేముందు పెన్ను తీసి మణికట్టు మీద ఏదో రాసుకుంది.

“అదేంటి?” అని గొణిగాడు.

“మంచం నంబరు, మందు పేరు. తెర జరిపితే పేరు పైకి పోతుందిగా. అందుకని చేతి మీద రాసుకుంటుంది.”

“పక్కకి తోస్తే...”

“నోరు.”

కూర్చున్నాడు పాపం. కానీ సిస్టర్ పని మాత్రం చూసి తీరాల్సిందే. ఒక చేత్తో రేకులోంచి బిళ్ళ తీస్తూ, రెండో చేత్తో రోగి నుదురు చూస్తూ, ఎదురు మంచంవాడి విసుగుకి సమాధానం చెబుతూ, ఒక్క అడుగు కూడా వృథా చెయ్యకుండా నడిచింది. మాత్ర చేతిలో పెట్టాక మింగేదాకా అక్కణ్ణించి కదల్లేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆ నడకలో కనపడుతోంది.

ఏడో మంచం దగ్గర బల్ల చక్రం గచ్చు పగులులో పడి ఎగిరింది. ట్యాబ్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ట్రే కిందున్న పవర్‌బ్యాంకు మీదే నడుస్తోంది, ఆ వైరు మొదటే వదులు. తెర ఠక్కున నల్లబడింది. అప్పుడే రోగి బీపీ అంకెలు కొడుతోంది సిస్టర్, సగం కొట్టింది, సగం కొట్టలేదు. పొద్దుటి నించీ చేసినదంతా పోయిందనుకుంది వదిన.

సిస్టర్ మాత్రం వైరు గట్టిగా నొక్కి, మళ్ళీ ఆన్ చేసి, ఈలోగా రోగి దుప్పటి సర్దింది. ట్యాబ్ లేచింది. పొద్దుటి నించీ ఇచ్చిన ప్రతి మందూ, ప్రతి నిమిషమూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆఖరికి సగం కొట్టిన బీపీ అంకె కూడా అలాగే సగంలో నిలబడి ఉంది. సిస్టర్ మిగతా సగం కొట్టి ఎనిమిదో మంచానికి వెళ్ళింది. అందులో వింతేమీ లేనట్టే వెళ్ళింది.

వదిన మరిది వైపు తిరిగింది.

“ఇదెలా?”

“నోరు లేదన్నావుగా.”

“ఒక్క నిమిషం ఇస్తున్నా. చెప్పు.”

“వేలు తగిలిన ప్రతిసారీ రాసి దాచుకుంటుంది. ఏదీ చెరపదు. మనం కొట్టేసినవి కూడా లోపల ఉంటాయి. మొదటి రెండేళ్ళూ నేను కూర్చుని రాసింది ఎక్కువ అదే.”

“మూడేళ్ళ నించీ పక్కపక్కన పనిచేస్తున్నాం. ఒక్కసారి కూడా చెప్పలేదేం?”

“అది కనపడకూడదు వదినా. కనపడిందంటే నేను సరిగ్గా రాయనట్టు.”

వదిన గీసేది ప్రతిదీ పదిమందికీ కనపడుతుంది, బాగుందనో బాగులేదనో అంటారు. ఈ మనిషి రెండేళ్ళు కూర్చుని ఎవరికీ ఎప్పటికీ కనపడని పని చేశాడు, దాన్ని మెచ్చుకునే అవకాశం కూడా ఎవరికీ ఇవ్వలేదు. మరిది మీద ఉన్న కోపమంతా అలాగే ఉంది, దాని పక్కనే బోలెడంత గౌరవం వచ్చి కూర్చుంది. ఆ రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి కలిగితే ఎంత ఇబ్బందో ఉమ్మడి ఇళ్ళలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

*

గంట పూర్తవడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. సిస్టర్ తొమ్మిదో మంచం దగ్గర ఇంజక్షన్ ఇస్తోంది. ఒక చెయ్యి సూది మీద, ఇంకో చెయ్యి రోగి మోచెయ్యి మీద. రోగి పళ్ళు బిగించి పైకప్పు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ట్యాబ్ గంట కొట్టడం మొదలుపెట్టింది. పదకొండో మంచానికి బీపీ మాత్ర వేళైంది. గంట చిన్నదేం కాదు, మొత్తం వార్డు తల తిప్పింది. నిద్రపోతున్న ఇద్దరు లేచి కూర్చున్నారు.

“బాబూ, కాస్త ఆ గంట ఆపండి,” అంది సిస్టర్ తల తిప్పకుండానే.

మరిది లేచిన వేగం మీరు చూడాలి. నలభై ఎనిమిది నిమిషాలు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్న మనిషికి ఎట్టకేలకు ఒక పని దొరికింది. ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్ళాడు. తెర మీద మూడు బటన్లు. ‘ఇచ్చాను’. ‘తర్వాత’. ‘ఆపు’. మూడోది నొక్కాడు. ‘ఖాయమేనా?’ అని అడిగింది ట్యాబ్. ‘అవును’ నొక్కాడు. గంట ఆగింది. వార్డు మళ్ళీ పడుకుంది. అతను తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని, ఎవరికో ప్రాణదానం చేసినంత తృప్తిగా వదిన వైపు చూశాడు.

వదిన పెన్ను కింద పెట్టింది.

“మరిదిగారూ,” అంది. బాగా కోపమొస్తేనో, బాగా జాలేస్తేనో తప్ప ఆమె ఆ ‘గారు’ వాడదు. “ఇప్పుడు మీరేం నొక్కారు?”

“గంట ఆపమంది కదా, ఆపా...”

సగంలో ఆగిపోయాడు. ఆ బటన్ రాసింది అతనే. అది నొక్కితే ఏమవుతుందో ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసింది అతనికే. ‘ఆపు’ అంటే గంట ఆపడం కాదు. డాక్టరు మాన్పించమన్న మందుని రోగి జాబితాలోంచి తీసెయ్యడం. పదకొండో మంచం ఆయన బీపీ మాత్ర ఇక ఇవాళ గుర్తు రాదు, రేపు రాదు, ఎప్పటికీ రాదు. అతనే తీసేశాడు. ఖాయమేనా అని అడిగితే అవునని కూడా చెప్పాడు.

ఒక్క ఉదుటున వెళ్ళి ఆ మాత్రని మళ్ళీ జాబితాలో ఎక్కించాడు. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాడు.

*

నర్సుల గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకి డ్యూటీల పట్టిక. సిస్టర్ రౌండు ముగించి వచ్చేసరికి వదిన, మరిది ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు.

“అక్కడ నొక్కాల్సింది ‘తర్వాత’,” అంటున్నాడు మరిది. గొంతులో పస లేదు. “అది నొక్కితే గంట పది నిమిషాలు ఊరుకుంటుంది. సహాయం పుస్తకంలో స్పష్టంగా రాశాను. నలభై పేజీల పుస్తకం.”

“అవును. ఆ పుస్తకం రాసినవాడే ఇందాక ‘ఆపు’ నొక్కాడు.”

దీనికి సమాధానం ఉందేమో మీరు ఆలోచించండి. అతను సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు.

“నువ్వు తెలివితక్కువవాడివి అనడం లేదు,” అంది వదిన గొంతు తగ్గించి. “గంట ఆపమని ఎవరైనా అడిగితే మనిషి చెయ్యి ‘ఆపు’ మీదకే వెళ్తుంది. నాదైనా అంతే. దాన్ని అలంకారం అన్నావు చూడు, అక్కడే నాకు మండింది.”

మరిది ల్యాప్‌టాప్ తెరిచి పాత ఫిర్యాదులు వెతికాడు. ‘ఆపు’ మాట మార్చమని రెండేళ్ళలో తొమ్మిది వచ్చాయి. తొమ్మిదింటికీ ‘అలంకారం’ లేబుల్ తగిలించి మూసేశాడు. అందరికంటే ముందు వచ్చినదానికి ఒక ఫొటో జోడించి ఉంది. మణికట్టు, దాని మీద పెన్నుతో రాసిన మంచం నంబరు. దాన్ని నాలుగు నిమిషాల్లో మూసేశాడు. అతను తలెత్తి, ఎదురుగా చెయ్యి తుడుచుకుంటున్న సిస్టర్ మణికట్టు వైపు చూశాడు.

“సిస్టర్, ఇది మీరు పంపిందేనా?”

ఆవిడ వంగి చూసింది. “నాదే. మా అమ్మాయి చేత పంపించా. అంటే... మా అమ్మాయి చెప్పే ఆ గేటు అనేది మీరేనా?” అని వదిన వైపు తిరిగి, “ఇంటి మనిషన్నావు కదమ్మా,” అంది.

“ఇంటి మనిషే సిస్టర్. గేటు కూడా వీడే.”

“మూసేశారని రాసి ఉందే ఇక్కడ.” ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. “నేనింకా అది మీ దాకా రాలేదేమో, వరసలో ఉందేమో అనుకుంటున్నాను బాబూ.”

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆవిడ తిట్టలేదు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచింది. పన్నెండు మంచాలూ, వాటి మందులూ, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి.

“రోజూ పొద్దున్నే ట్యాబ్ చూసి రాసుకుంటా. ఎవరైనా చూసుకోక ఆ బటన్ నొక్కితే సాయంత్రానికి దీనికీ దానికీ తేడా తెలిసిపోతుంది. మళ్ళీ ఎక్కించుకుంటా.”

“రెండేళ్ళుగానా?”

“మీ ప్రోగ్రాం రాకముందు ఈ వార్డులో ఒకరి మందు ఒకరికి వెళ్ళిపోయేది బాబూ. అది వచ్చాక ఒక్కసారి కూడా జరగలేదు. అందుకే ఈ కాగితం మోస్తున్నానే గాని దాన్ని వదల్లేదు.”

మరిదికి కళ్ళు చెమర్చాయి. సిగ్గుతోనే చెమర్చాయి, ఆ మాట దాచి ప్రయోజనం లేదు. ఒక్కొక్కటిగా తొమ్మిది ఫిర్యాదుల మీది లేబులూ పీకేశాడు. వాటి స్థానంలో ‘ప్రమాదం’ అని పెట్టాడు.

“అయితే నా తెరలు కలుపుతావా?” అంది వదిన. “బటన్లు విడగొట్టాను. ఒకటి ‘గంట ఆపు’, ఇంకోటి ‘మందు మాన్పించు’. రెండూ రెండు మూలల్లో పెట్టాను.”

“కలపను.”

వదిన కుర్చీ వెనక్కి జరిపింది.

“కోప్పడకు, విను,” అన్నాడు మరిది ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి. “నువ్వు పైన రెండు చేశావు. లోపల ఉన్నది ఒక్కటే. గంటా మందూ ఒకే ముడి. మొదటి రోజు నేనే అలా ముడేశాను. నీ తెర ఇలాగే కలిపితే బటన్ మీద ‘గంట ఆపు’ అని ఉంటుంది, నొక్కితే ఆగేది మందే. ఇప్పుడు కనీసం కొంతమందికైనా అనుమానమొస్తోంది. అప్పుడు ఎవరికీ రాదు.”

వదిన నాలుక కరుచుకుంది. ఇరవై ముగ్గురిని వెంటేసుకుని వేరు కాపురం పెట్టి, శుక్రవారం తన తెరలు తనే విడుదల చేసి ఉంటే ఏమయ్యేదో ఆమెకి ఒక్క క్షణంలో అర్థమైంది. ఆమె పదకొండు రోజులు వార్డు చూసింది, కోడ్ లోపలికి తొంగిచూడలేదు. అతను ఆరేళ్ళు కోడ్ చూశాడు, వార్డు మొహం చూడలేదు. ఎవరికి వాళ్ళు తప్పు చెయ్యలేదనే అనుకున్నారు.

“ముడి విప్పడానికి ఎన్నాళ్ళు?” అంది.

“మూడు వారాలు. నువ్వు పక్కనుంటే రెండు. శుక్రవారం విడుదల లేదు.”

గేటు నోట ఆ మాట వినడం వదినకి పండగలా ఉండాల్సింది. కానీ ఆమె అప్పటికే తర్వాతి సంగతి ఆలోచిస్తోంది. “ఈ రెండు వారాలూ ఆసుపత్రులవాళ్ళు ఏం చేస్తారు? ఇవాళే చెప్పాలి అందరికీ.”

అతను రాశాడు. మూడు పేరాలు. మొదటి పేరాలో ప్రోగ్రాం చరిత్ర, రెండో పేరాలో ముడి వివరం, మూడో పేరా చివర అసలు సంగతి. వదిన చదివి, “దీన్ని నిలబడి చదవాలి, ఒక చేతిలో ట్రే ఉంటుంది,” అని మూడు పేరాలూ కొట్టేసి నాలుగు వాక్యాలు పెట్టింది. ‘ఆపు’ నొక్కకండి. నొక్కితే గంటతో పాటు మందు కూడా జాబితాలోంచి పోతుంది. గంట మోత ఆగాలంటే ‘తర్వాత’ నొక్కండి. తప్పు ప్రోగ్రాందే, మీది కాదు.

మరిది దాన్ని రెండుసార్లు చదివాడు. ‘ప్రోగ్రాందే’ అన్న మాట చెరిపి ‘నాదే’ అని కొట్టి పంపించేశాడు. ఆరేళ్ళలో ఆ మాట అతను రాయడం ఇదే మొదటిసారి. నాకు మాత్రం, ఆ నల్లబడిన తెర మళ్ళీ లేచినప్పటికంటే ఇప్పుడే ఈ మనిషి ఎక్కువ నచ్చాడు.

“బాగుంది,” అంది సిస్టర్. “మరి ఇదివరకే నొక్కేసిన వాటి సంగతేంటి బాబూ?”

“అన్నీ లోపలున్నాయి సిస్టర్. ఒక్కటీ చెరిగిపోలేదు.”

“మరి నాకు కనపడవే?”

మరిది వదిన వైపు చూశాడు. వదిన పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. అతను అన్నీ దాచాడు, చూపించే తెర గీయమని ఎవరినీ అడగలేదు. అలాంటివి దాచి ఉన్నాయని ఇవాళ్టిదాకా ఆమెకి తెలీదు.

ఆ తర్వాత నలభై నిమిషాలు వాళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర, ఒకే వైపు కూర్చున్నారు. మూడేళ్ళలో అలా కూర్చోలేదు. అతను పధ్నాలుగు గడులు కావాలన్నాడు. ఆమె మూడు చాలంది. ఏ మంచం, ఏ మందు, ఎప్పుడు. అతను కాసేపు తల గోక్కుని, “ఇంకోటి చెప్పగలను. ఆ తర్వాత ఎవరైనా మళ్ళీ ఎక్కించారా లేదా అని,” అన్నాడు. “అది తెలుస్తుందా?” అని ఆమె ఆశ్చర్యపోయి, “అయితే అదే అన్నిటికంటే ముందు పెట్టు, ఎక్కించనివి పైన రావాలి,” అంది. ఆమె గీత పూర్తవకముందే అతను సగం రాసేశాడు. అతను రాస్తుంటే ఆమె అక్షరాలు పెద్దవి చేయించింది. మధ్యలో రెండుసార్లు పోట్లాడుకున్నారు, ఒకసారి నవ్వుకున్నారు. చూస్తున్న సిస్టర్ టీ తెచ్చిపెట్టింది. రెండు కప్పులూ అలాగే చల్లారాయి. చేతి పని తెలిసిన ఇద్దరు మనుషులు ఒకరి చెయ్యి ఒకరు అందుకుంటూ పనిచేస్తుంటే చూడటం కంటే ఈ లోకంలో చక్కని సంగతి నాకింకోటి కనపడదు.

కొత్త తెరని ముందుగా ఈ వార్డు ట్యాబ్‌లోనే తెరిచారు. కిందటి నెల రోజులు చూపించమన్నారు. పదకొండు వరసలు వచ్చాయి. సిస్టర్ డ్రాయరులోంచి పాత కాగితాల కట్ట తీసి కింది వరస నించి పైకి ఒక్కొక్కటీ సరిచూసుకుంది.

“ఇది నేను మళ్ళీ ఎక్కించాను. ఇదీ ఎక్కించాను. ఇది డాక్టరుగారు నిజంగానే మాన్పించారు. ఇది మీరు ఇందాక చేసిన ఘనకార్యం.”

అలా పదింటికి లెక్క తేలింది. అన్నిటికంటే పైనున్న వరస దగ్గర ఆవిడ వేలు ఆగింది. ఆరో మంచం. రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర. ఆదివారం సాయంత్రం ఆరుంబావు. మళ్ళీ ఎక్కించలేదు.

“శనాదివారాలు నేను సెలవు. సోమవారం కాగితం కూడా ఈ ట్యాబ్ చూసే రాసుకున్నా,” అంది మెల్లగా.

“డాక్టరుగారే మాన్పించారేమో,” అన్నాడు మరిది. ఆశపడుతున్నాడని గొంతే చెబుతోంది.

సిస్టర్ అలమారలోంచి కేసు కాగితాలు తీసి చదివింది. చివరిదాకా చదివి మళ్ళీ మొదటికొచ్చింది. “మానకూడదని రాశారు. ఒక్క పూట కూడా మానకూడదు అని కింద గీత కూడా గీశారు.”

“ఇప్పుడు ఆరో మంచంలో ఉన్నాయనేనా?” అంది వదిన.

“కాదమ్మా. ఆయన నిన్న ఇంటికి వెళ్ళిపోయారు. ఆయన ఫోనులో కూడా ‘వేళ’ పెట్టి, ఆ ట్యాబ్‌లో ఉన్న జాబితానే అందులోకి ఎక్కించి పంపాను. నా చేత్తోనే ఎక్కించాను.”

ఆవిడ అప్పటికే బల్ల మీది ఫోను అందుకుని నంబరు నొక్కింది. ముగ్గురూ వింటున్నారు. అవతల మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

“కానీ సిస్టర్, మాత్రలు ఆయన దగ్గరున్నాయి కదా,” అన్నాడు మరిది గబగబా. “డాక్టరుగారి చీటీ కూడా ఉంటుంది కదా. అది చూసి వేసుకుంటారు కదా.”

“ఆయనకి చూపు ఆనదు బాబూ. ఒకే బిళ్ళ పొరపాటున రెండేసిసార్లు వేసుకునే ఇక్కడికొచ్చారు. మళ్ళీ అలా జరక్కూడదని నేనే నేర్పించాను. గంట మోగితేనే వేసుకోండి, మోగకపోతే ఏదీ ముట్టుకోకండి అని ఒకటికి మూడుసార్లు చెప్పించుకుని, ఒట్టు వేయించుకుని పంపాను.” సిస్టర్ ఫోను పెట్టేసి కేసు కాగితంలో అడ్రసు వెతుకుతోంది. “ఆయన మాట తప్పే మనిషి కాదు.”